సుంకరి ముందు

ఆంట్‌వెర్ప్ రేవులో ఏడో నంబరు షెడ్డు వెనక
పొద్దున్నించీ వాన ఒకే పని మీద ఉంది.
గోడెలీవ్ స్టెయిక్‌కి మాత్రం రెండు పనులు.
పెట్టె తెరిపించడం, అడగడం:
"మీదే ఊరు?"

మనుషుల్ని కాదు, సామాన్లని.

ముప్ఫై ఒక్కేళ్లుగా అడుగుతోంది.
చేపల డబ్బాని అడిగింది, రబ్బరు బూటుని అడిగింది,
చుట్ట చుట్టుకు పడుకున్న ఉక్కురేకుని
నడుం మీద తట్టి మరీ అడిగింది.
మొదట్లో కాగితం చూసి వదిలేసేవాళ్లు.
ఇప్పుడు తాతముత్తాతల దాకా వెళ్లాలి.
ఎక్కడ కరిగావు, ఎక్కడ పోత పోశారు,
నీ మీద ఎవరి చెయ్యి ఎంతసేపు పడింది?

ఇవాళ పెట్టెలో నూటనలభై సైకిళ్లు.
ఫ్రేము చైనాలో అతికారు.
జీను ఇటలీ తోలు. గొలుసు జపాన్‌ది, గేర్లు మలేసియావి.
అన్నీ కలిపి కంబోడియాలో బిగించారు.
బిగించినచోటే పుట్టిందని కాగితం ఒట్టేస్తోంది.

"ఇది కంబోడియా సైకిలండీ" అంటాడు వాన్నెస్ లిప్పెన్స్.
గెంట్‌లో మూడు గజాల దుకాణం అతనిది.
టోపీలోంచి నీళ్లు కారుతున్నాయి.
"ఫ్రేము చైనాది."
"రంగు వేసింది అక్కడే కదండీ."
"రంగేస్తే ఊరు మారదు."

ఇక చెప్పుకొచ్చాడు.
వసంతానికని ముందే అడ్వాన్సులు తీసుకున్నాడట,
ఓడ సముద్రం మీద ఉండగా రేటు మారిందట,
బయల్దేరినప్పుడొక ధర, ఒడ్డు చేరేసరికి ఇంకొకటి,
నడిసముద్రంలో ఏ గాలికి పెరిగిందో
లెక్కలు రాసే చెల్లెలికే అంతుబట్టలేదట.

సుంకరి ముందు సుఖదుఃఖాలా, అంటుంది మా సామెత.
ఆమెకి ఈ సామెత తెలీదు.
కుర్చీ జరిపి కూచోమంది.

గోడమీద టీవీలో, చప్పుడు లేకుండా,
పెద్ద దేశాలు ఒకదాని మీదొకటి శాతాలు విసురుకుంటున్నాయి.
పక్కింటి గోడ ఒక వరస లేస్తే మనది రెండు వరసలు.
వాళ్లు ఉక్కుకి వేస్తే వీళ్లు మొక్కజొన్నకి,
వీళ్లు కార్లకి వేస్తే వాళ్లు జున్నుకి.
మధ్యలో విస్కీ ఏం చేసిందో విస్కీకే తెలీదు.
ఎవరిని అడిగినా "ముందు వాళ్లే మొదలెట్టారు."
ఈ ఒక్క మాటకీ ఏ రేవులోనూ సుంకం లేదు.

కాఫీ మిషను గురగురలో ఆమెకి నాన్న వినిపిస్తాడు.
ఆయన ఫ్రేములు అతికేవాడు, ఇత్తడి కరిగించి,
ఏ అతుకూ వేలికి తగలకుండా.
చౌక సైకిళ్లు దిగిన ఏడు
ఫ్యాక్టరీ వారానికి మూడు రోజులైంది, తర్వాత అదీ లేదు.
సుంకం వేశారని పేపర్లో పడ్డ సాయంత్రం
వీధిలో అందరికీ బీరు పోయించాడు.
గేటు తెరుస్తారని
నీలం చొక్కా ఇస్త్రీ చేసి వంకీకి తగిలించాడు.
తెరిచారు కూడా.
లోపల గోదాము పెట్టారు,
పైనుంచి వచ్చిన సరుకు దాచడానికి.

సుంకం తప్పనీ అనదామె, ఒప్పనీ అనదు.
ఆ చొక్కా గుర్తొస్తే ఇంకాస్త వెయ్యాలనిపిస్తుంది.
ఈ టోపీని చూస్తే ఎత్తేయాలనిపిస్తుంది.
వెయ్యడం, ఎత్తెయ్యడం ఆమె చేతిలో ఎప్పుడున్నాయి గనక.

నాలుగింటికి ఒక ఫ్రేముని తలకిందులు చేసింది.
బొటనవేలు అతుకు మీద ఆనించి నడిపింది.
మంచి పని.
ఎవరో ఊపిరి బిగబట్టి చేసిన పని.
నాన్నయితే వంక పెట్టడానికి చాలాసేపు వెతికేవాడు.

గడిలో చైనా అని రాసింది.

లిప్పెన్స్ చూశాడు, టోపీ పిండాడు, సంతకం పెట్టాడు.
"కట్టడానికి ఎన్నాళ్లు?"
"పది రోజులు. పదకొండో రోజు నుంచి షెడ్డు అద్దె."
తలుపు దాకా వెళ్లి ఆగాడు.
"అతుకు బావుందా?"

ఆమె తర్వాతి పెట్టె కాగితాలు వెతుక్కుంటూ
"బావుంది" అంది.